సన్‌రైజర్స్ మ్యాచ్ రాత్రి, మర్నాడు ఫిజిక్స్ క్లాసు

ప్రశ్న: మాది మూడు తరాలుగా బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. నేను ఇక్కడే బీఎస్సీ రెండో సంవత్సరం, ఫిజిక్స్ ఆనర్స్ చదువుతున్నాను. నాలుగో సెమిస్టర్ పరీక్షలు మే నెలలో ఉంటాయంటున్నారు. సరిగ్గా అప్పుడే ఐపీఎల్ కూడా జరుగుతుంది. చిన్నప్పటి నుంచి నాకు హైదరాబాదు జట్టంటే ప్రాణం. మ్యాచ్ ఉన్న రాత్రి మిత్రులు అద్దెకున్న గదిలో అందరం కలిసి చూస్తాం. వారిలో సగం మంది ఒడియా వాళ్ళు, వాళ్ళది కోల్‌కతా పక్షం. ఆదివారాలు కెమెరా తీసుకుని రంభ వెళ్ళి చిలికాలో పక్షుల ఫోటోలు తీస్తుంటాను. మొదటి సంవత్సరంలో ఒక పేపరు పోయింది. హాజరు 75 శాతం దగ్గర ఊగిసలాడుతోంది. ఇవన్నీ కట్టిపెట్టి చదువుకోమని అమ్మ రోజూ చెబుతోంది. గంటల వారీగా ఎన్ని టైమ్‌టేబుళ్ళు వేసుకున్నా ఒక్కటీ వారం కూడా నిలవలేదు. ఆట, స్నేహితులు, కెమెరా, వీటిలో దేన్ని వదులుకోమంటారు?
– పేరు ప్రచురించవద్దని కోరిన విద్యార్థి, బరంపురం

జవాబు: వీటిలో దేనినీ వదులుకోమని నేను చెప్పను. అయితే ప్రతిరోజూ అన్నింటికీ తలా కొంత పంచాలన్న ఆలోచనను మాత్రం వదులుకోవాలి. మీ టైమ్‌టేబుళ్ళు నిలవకపోవడానికి కారణం మీ బద్ధకం కాదు. మీరు చెప్పిన వ్యాపకాలు రోజు లెక్కన నడిచేవి కావు, ఋతువుల లెక్కన నడిచేవి.

ఉదాహరణకు చిలికాకు వలస పక్షులు చలికాలం ముందు వచ్చి, ఎండలు ముదిరేసరికి, అంటే సుమారుగా మార్చి నాటికి, చాలావరకు తిరిగి వెళ్ళిపోతాయి. ఐపీఎల్ సాధారణంగా మార్చి నెలాఖరులో మొదలవుతుంది. అంటే మీ కెమెరాకు, మీ క్రికెట్‌కు మధ్య ప్రకృతే సరిహద్దు గీసిపెట్టింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆదివారాలు రంభలో గడపండి, మార్చి చివర కెమెరాను బీరువాలో పెట్టండి. ఏప్రిల్ ఎండలో ఖాళీ సరస్సును చూసి రావడానికి ఒక ఆదివారాన్ని ఖర్చు చేయడం అలవాటు కొద్దీ జరిగే పని తప్ప అభిరుచి అనిపించుకోదు. తీసిన ఫోటోల్లో మంచివి ఏరుకోవడం, ఏ పక్షి ఏదో గుర్తుపట్టి రాసుకోవడం వంటి పనులు పరీక్షలు ముగిశాక, వానాకాలంలో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

ఇక అసలు గొడవంతా క్రికెట్‌కు, సెమిస్టర్‌కు మధ్య ఉంది. దీన్ని అంకెలతో చూడటం మంచిది. 2022 నుంచి 2025 వరకు ప్రతి ఐపీఎల్‌లోనూ పది జట్లు, మొత్తం 74 మ్యాచ్‌లు ఉన్నాయి. లీగ్ దశలో ఒక్కో జట్టు ఆడింది 14. మ్యాచ్‌కు మూడున్నర గంటలు వేసుకున్నా మీ జట్టు ఆటలన్నీ చూడటానికి 49 గంటలు పడతాయి. రెండు నెలల్లో 49 గంటలంటే ఏ విద్యార్థీ మునిగిపోయేటంత సమయం కాదు. మొత్తం 74 మ్యాచ్‌లూ చూస్తే 259 గంటలు. విశ్వవిద్యాలయాల లెక్కలో ఒక థియరీ క్రెడిట్ అంటే సెమిస్టర్‌కు 15 గంటల బోధన కాబట్టి, నాలుగు క్రెడిట్ల పేపరుకు 60 గంటలు. 259 గంటలంటే అలాంటి నాలుగు పేపర్ల తరగతుల కన్నా ఎక్కువ కాలం. తమ జట్టును అభిమానించడానికీ, టీవీలో ఏది వస్తే అది చూడటానికీ ఉన్న దూరం ఈ రెండు అంకెల మధ్య తెలిసిపోతుంది. పంజాబ్, లక్నో జట్లు ఆడుతున్న రాత్రి మీరు ఆ గదిలో ఎందుకున్నారో ఒకసారి ఆలోచించండి.

అయినా నా అనుమానం ఈ 49 గంటల మీద కూడా కాదు. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ ఇంచుమించు పదకొండుకు ముగుస్తుంది. ఇంటికి వచ్చి పడుకున్న తరువాత ఫోన్‌లో అదే మ్యాచ్ ముక్కలు ముక్కలుగా మళ్ళీ నడుస్తుంది. ఆ క్యాచ్ వదిలినదెవరు, ఆ చివరి ఓవరు అతనికి ఎందుకిచ్చారు అంటూ మిత్రుల గ్రూపులో వాదన ఒంటిగంట దాకా సాగుతుంది. మర్నాడు మొదటి పీరియడును మింగేది మ్యాచ్ కాదు, ఈ రెండు గంటలే. ఒక నియమం మాత్రం పెట్టుకోండి: ఆఖరి బంతి పడ్డాక ఫోన్ ముందు గదిలో ఉండాలి, మీరు పడకగదిలో ఉండాలి. వాదన మర్నాడు కాంటీన్‌లో చేసుకుంటే మరింత రసవత్తరంగా ఉంటుంది, అప్పటికి కోల్‌కతా వాళ్ళ కోపం కూడా కొంత చల్లారుతుంది.

హాజరు విషయం ఇక్కడే తేలిపోతుంది. 60 పీరియడ్ల పేపరులో 75 శాతం అంటే 45. మిగిలిన 15 పీరియడ్లలోనే మీ జ్వరాలు, ఇచ్ఛాపురంలో బంధువుల పెళ్ళిళ్ళు, అనుకోని ప్రయాణాలు అన్నీ ఇమడాలి. ఒక చిన్న పరిశీలన చేసి చూడండి. నిరుటి మ్యాచ్‌ల తేదీలను, మీరు తరగతికి వెళ్ళని తేదీలను పక్కపక్కన రాసుకోండి. 1976లో రాబర్ట్ చాల్డీనీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి ఒక అధ్యయనం ప్రచురించాడు. తమ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన తరువాతి సోమవారం విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకుని వస్తున్నారని అందులో తేలింది. దాన్నిబట్టి నాకు తోచేదేమిటంటే, మీరు గెలిచిన మర్నాడు ఎంత నిద్రమత్తులో ఉన్నా తరగతికి వెళ్ళి ఉంటారు, ఓడిన మర్నాడే ఎగ్గొట్టి ఉంటారు. అదే నిజమైతే మీ హాజరును తగ్గిస్తున్నది నిద్రలేమి కాదు, మిత్రుల ఎగతాళిని తప్పించుకోవాలన్న కోరిక. దానికి మందు వేరు.

స్నేహితుల సంగతికి వస్తే, ఆ సాయంత్రం ఆరు గంటలకు రానని చెప్పడం వేరు, నెల ముందే చెప్పి ఉంచడం వేరు. మొదటిది అలకకు దారితీస్తుంది, రెండోది ఎవరికీ పట్టదు. మ్యాచ్‌ల పట్టిక ప్రకటించగానే గదిలో అందరితో కూర్చుని చూసేవి ఒక ఆరు ఎంచుకోండి. హైదరాబాదు, కోల్‌కతా తలపడే రోజు అందులో తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఆ గదికి అదే పండుగ. మిగిలిన ఎనిమిదింటిలో కొన్ని ఇంట్లో చూడండి, కొన్నింటికి స్కోరు తెలుసుకుని ఊరుకోండి. ‘రేపు ప్రాక్టికల్ ఉందిరా, శనివారం మ్యాచ్‌కి వస్తాను’ అంటే కాదనే స్నేహితుడు ఉండడు. ఉంటే అతని గురించి మరో ఉత్తరం రాయండి. ఏ జట్టు గెలుస్తుందని ఆ గదిలో పందేలు కాసే అలవాటు ఉన్నట్లయితే మాత్రం ఆ పూట అక్కడి నుంచి లేచి రండి. ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది కూడా.

మీ ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది, మీరు దాన్ని రాయలేదు. రెండేళ్ళకొకసారి చైత్రంలో ఠాకురాణీ యాత్ర, అంటే మీ ఊరి అమ్మవారి జాతర, వస్తుంది. ఆ రోజుల్లో వీధుల్లో వేషాలు తిరుగుతుంటే బరంపురం కుర్రవాళ్ళెవరూ రాత్రి ఇంట్లో ఉండరు. యాత్ర ఉన్న ఏడాది మ్యాచ్‌ల సంఖ్యను సగానికి తగ్గించుకోండి. పోయే మ్యాచ్‌కు మర్నాడు ముఖ్యాంశాలు దొరుకుతాయి, యాత్ర కోసం మళ్ళీ రెండేళ్ళు ఆగాలి.

చదువు పద్ధతిలో ఒక మార్పు చేసుకోవాలి. పుస్తకం ఒడిలో పెట్టుకుని మ్యాచ్ చూస్తూ, ఓవరుకూ ఓవరుకూ మధ్య చదువుతున్నానని అనుకునేవారిని చాలామందిని చూశాను. అది రెండింటికీ అన్యాయమే. మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం గంటన్నర చాలు, కానీ ఆ గంటన్నరలో చదివింది మళ్ళీ చదవకండి. పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయండి. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని రెండుసార్లు చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తరువాత 81 శాతం గుర్తుచేసుకున్నారు, ఒకసారి చదివి ఒకసారి చూడకుండా రాసినవారు 75 శాతమే చెప్పగలిగారు. వారం గడిచేసరికి లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినవారికి 42 శాతం, రాసినవారికి 56 శాతం మిగిలింది. పరీక్ష అయిదు నిమిషాల తరువాత ఉండదు కాబట్టి మీకు కావలసింది రెండో దారి. పోయిన పేపరును కూడా ఇలాగే, డిసెంబరు, జనవరి నెలల్లో పని రోజుల సాయంత్రాలలో పూర్తి చేసుకోండి. దాన్ని ఏప్రిల్‌కు లాగితే నేను పైన చెప్పినదంతా వృథా.

అమ్మగారికి ఈ పత్రిక చూపించనక్కరలేదు. ఆరు తేదీలు రాసిన కాగితాన్ని వంటింటి క్యాలెండరు పక్కన అంటించండి. మిగిలిన రాత్రులు మీరు ఇంట్లో ఉంటే ఆవిడే గమనిస్తారు.

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరోంచ. ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. నేను హాస్టల్లో ఉండి స్టాటిస్టిక్స్ ప్రధాన విషయంగా డిగ్రీ చదువుతున్నాను. మహిళల ప్రపంచకప్ చూసినప్పటి నుంచి క్రికెట్ పిచ్చి పట్టింది. దీనివల్ల చదువుకు ఉపయోగం ఏమిటని నాన్నగారు అడుగుతున్నారు. ఏమని చెప్పాలి?
– ఒక విద్యార్థిని, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఉపయోగం ఉంటేనే ఇష్టపడాలన్న షరతును మీరు ఒప్పుకోకండి. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి కప్పు అందుకున్నారు, ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఉంది. అది చూసి పొంగిపోవడానికి కారణం చూపించనక్కరలేదు.

అయితే మీ విషయంలో నాన్నగారికి చెప్పడానికి నిజంగానే ఒక జవాబు ఉంది. వాన పడి ఓవర్లు తగ్గితే లక్ష్యాన్ని సవరించే డక్‌వర్త్–లూయిస్ పద్ధతిని రూపొందించిన ఇద్దరూ గణాంక శాస్త్రానికి చెందినవారే. 1997లో అంతర్జాతీయ మ్యాచ్‌లలో దాని వాడకం మొదలైంది. తరువాత దాన్ని సవరించిన స్టెర్న్ కూడా ఆ శాస్త్రపు ఆచార్యుడే. మిగిలిన ఓవర్లు, చేతిలో ఉన్న వికెట్లు కలిసి ఒక జట్టు దగ్గర ఎంత వనరు మిగిలి ఉందో చెబుతాయన్నది దాని మూలసూత్రం. ఈ సెలవుల్లో ఒక టోర్నమెంటు స్కోరుకార్డులన్నీ సేకరించి, ఏ ఓవరుకు ఎన్ని వికెట్లు ఉంటే ఆపై సగటున ఎన్ని పరుగులు వచ్చాయో మీరే పట్టిక వేసి చూడండి. రాసింది పనికొస్తుందనిపిస్తే మీ అధ్యాపకులకు ప్రాజెక్టుగా చూపించండి. నాన్నగారికి ఆ పట్టిక ముందు చూపించి, తరువాత మ్యాచ్ పెట్టండి.