షీటు పేరు దానంతటదే మారాలంటే?

ప్రశ్న: ఎక్సెల్‌లో నెలకో షీటు చొప్పున దుకాణం లెక్కలు రాస్తున్నాను. ప్రతి షీటులో మొత్తం ఎఫ్20 గడిలో ఉంటుంది. అన్నీ ఒకేచోట చూపే షీటులో ఫార్ములాను కిందికి లాగితే గడి నంబరు మారుతోంది గానీ షీటు పేరు మారడం లేదండీ.

జవాబు: పేరును గడి నుంచి తీసుకునేలా చేయాలి. ఎ2 నుంచి కిందికి షీట్ల పేర్లు రాసి, బి2లో =ఇండైరెక్ట్("'"&ఎ2&"'!ఎఫ్20") అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి లాగండి. ఒంటి కోట్లు వదలొద్దు, పేరు మధ్య ఖాళీ ఉంటే అవి తప్పనిసరి. #రెఫ్! అని వస్తే పేరు చివర కనబడని స్పేసు ఉందేమో చూడండి.

అసలు జాగ్రత్త వేరే ఉంది. ఇక్కడ ఎఫ్20 వట్టి అక్షరాలే. నెల షీటులో ఒక వరుస చేరిస్తే మొత్తం ఎఫ్21కి జారుతుంది, ఫార్ములా మాత్రం ఎఫ్20నే చదువుతుంది. అంకె తప్పుతుంది, హెచ్చరికేమీ రాదు. మొత్తాన్ని ఎఫ్1లో పెట్టుకోవడమే మేలు.