వెంటిలేటర్ వద్దని నాన్నగారు ఇప్పుడు రాసిస్తే చెల్లుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు, బెంగళూరులో స్థిరపడ్డాం. నాన్నగారికి 74 ఏళ్లు. డిమెన్షియా తొలి దశ అన్నారు. ఒంటిమీద తెలివి లేని స్థితి వస్తే వెంటిలేటర్ పెట్టొద్దనీ, వీలైతే ఇంజెక్షన్ ఇచ్చి పంపించేయమనీ అంటున్నారు. మతిమరుపు మనిషి రాసింది చెల్లదంటాడు అన్నయ్య. ఏం చేయాలి?

జవాబు: ఇంజెక్షన్ మాట మరిచిపోండి. ఆయన కోరినా, డాక్టరే ఇచ్చినా మన దేశంలో అది నేరం. కోలుకునే ఆశ లేనప్పుడు వైద్యం వద్దనడం వేరు. ఆ హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. అందుకు రాసే పత్రమే లివింగ్ విల్. దీన్ని ఆస్తి వీలునామాలో ఇరికించకండి, వీలునామా తీసేది మనిషి పోయాక.

జబ్బు పేరొక్కటే పత్రాన్ని కొట్టేయదు. సంతకం పెట్టే వేళకు ఆయనకు తెలివి ఉందా అన్నదే లెక్క. వెంటిలేటర్ అంటే ఏమిటి, పెట్టకపోతే ఏమవుతుంది, ఎందుకు వద్దంటున్నారు, ఈ మూడూ తన మాటల్లో చెప్పగలగాలి. తెరిపిగా ఉండే పూట చూసుకుని, ఆ రోజే న్యూరాలజిస్టు దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి. చట్టం అడగదు గానీ, రేపు గొడవ మొదలయ్యేది ఇక్కడే. రోజుకో మాట చెబుతుంటే సంతకం పెట్టించకండి, దయచేసి.

ఎక్కువ పత్రాలు వీగిపోయేది రాతలో. 'నన్ను బాధపెట్టొద్దు' అని రాస్తే ఐసీయూ డాక్టరు ఏం చేయాలి? 'కోలుకునే అవకాశం లేదని వైద్య బోర్డులు తేల్చాక వెంటిలేటర్, డయాలసిస్, గుండె ఆగితే సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెను మళ్లీ కొట్టించే ప్రయత్నం) వద్దు. నొప్పి తగ్గించే మందులు ఆపొద్దు' అని విడివిడిగా రాయాలి. ముక్కులోంచి ఆహారం పంపే గొట్టం సంగతీ తేల్చాలి. తెలుగులో రాస్తే ఇంగ్లీషు అనువాదం జతచేయండి, ఇక్కడి ఆసుపత్రిలో చదవాలి కదా.

ఇద్దరు సాక్షులు కావాలి, వారసులు కాకుంటే మేలు. సుప్రీంకోర్టు 2023 జనవరి 24న చేసిన సవరణతో మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. నకళ్లు, ఆయన తరఫున నిర్ణయం చెప్పేందుకు పత్రంలో పేరు రాసిన వారికి, ఫ్యామిలీ డాక్టరుకు, నగరపాలక సంస్థ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

అవసరం పడిన రోజున ఆసుపత్రి డాక్టర్ల బోర్డు, దానిపైన రెండో డాక్టర్ల బోర్డు ఆయన పరిస్థితి చూస్తాయి. రెండో బోర్డుకు డాక్టరును నియమించే పద్ధతిపై కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరి 30న ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కో బోర్డూ 48 గంటల్లో చెబితే మంచిదని కోర్టు మాట. అమలుకు ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. బోర్డు కాదంటే హైకోర్టు ఉంది.

పత్రం రాయడానికి అన్నయ్య ఒప్పుకోలు అక్కర్లేదు. కానీ పత్రంలో పేరున్న వారి సమ్మతి ఆసుపత్రి అడుగుతుంది. ఆ పేర్లు నాన్నగారే చెప్పాలి, మీరు అందించకూడదు. ఆయన మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. సంతకానికి ముందే అన్నయ్యను ఎదురుగా కూర్చోబెట్టి ఆ మాటలు నాన్నగారి నోటే విననివ్వండి.