పాఠకుల ప్రశ్నలు: గణితం చదివే అమ్మాయికి మెదడుతో ఏం పని?

ప్రశ్న: మేడమ్ గారూ, విశాఖపట్నంలో బీఎస్సీ చదువుతున్నాను. మేజర్ గణితం. కిందటేడు మా తాతగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ దెబ్బతిన్నాయి. మంచినీళ్లు కావాలని అడగలేరు గానీ, అమ్మమ్మ అందుకుంటే త్యాగరాజ కీర్తన మాటలతో సహా పాడతారు. అది చూసినప్పటి నుంచి న్యూరోసైన్స్ (మెదడు, నాడుల శాస్త్రం) చదవాలని ఉంది. మా కాలేజీలో ఆ పేరుతో మైనర్ (మేజర్‌తో పాటు చదివే రెండో సబ్జెక్టు) లేదు. జంతుశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ ఉన్నాయి. లెక్కలు చదివే నాకు అక్కడ చోటుంటుందా? నాన్నగారేమో రెండు పడవల మీద కాళ్లెందుకంటున్నారు.
– ఒక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ముందు తాతగారి సంగతి చెబుతానమ్మా. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడి దగ్గరికి ‘టాన్’ అనడం తప్ప దాదాపు మరేమీ పలకలేని రోగి వచ్చాడు. అతడు చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. కుడి చేతిని నడిపేదీ ఎడమ మెదడే కాబట్టి చెయ్యి, మాట తరచు కలిసే పోతాయి. మరి పాట ఎలా మిగిలింది? కుడి మెదడు ఆదుకుంటోందని కొందరంటారు. రాగం కన్నా లయే ఆసరా అని మరికొందరు. ఏళ్ల తరబడి పాడి నోటికి పట్టిన మాటలు, అప్పటికప్పుడు కూర్చుకునే మాటల దారిలో రావని ఇంకొందరు. ఈ వాదం ఇంకా తెగలేదు. 1973లో బోస్టన్‌లో పరిశోధకులు ఈ గుణాన్నే పట్టుకుని, మాటను రాగంలో పలికిస్తూ ఎడమ చేత్తో తట్టించే చికిత్సను తీసుకొచ్చారు. తాతగారు పాడతారని స్పీచ్ థెరపిస్టుకు తప్పక చెప్పండి. ఈ ఒక్క ప్రశ్నలోనే నరాల వైద్యుడికీ, భాషావేత్తకూ, సంగీతం తెలిసినవాళ్లకూ, గణాంకాలు చేసేవాళ్లకూ పని ఉంది.

ఇక నీ చోటు. మన ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున మరపడవలు దించే బుట్టల్లో స్క్విడ్లను చూసే ఉంటావు. ఒంటినిండా ఎర్రని చుక్కలు, పట్టుకుంటే జారిపోయే గొట్టంలాంటి ఒళ్లు. ఆపద వస్తే అది ఒంటిని ఒక్కసారిగా బిగించి, నీళ్లు చిమ్మి వెనక్కి దూసుకుపోతుంది. ఆ ఆదేశం ఆలస్యం కాకూడదు, అందుకే దాని నాడీతంతువు అంత లావు. కొన్ని జాతుల్లో అర మిల్లీమీటరు, అంతకు మించి కూడా ఉంటుంది. కంటికి ఆనుతుంది, లోపలికి సన్నని తీగ దూర్చవచ్చు. ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు ఆ పనే చేశారు. సోడియం, పొటాషియం అయాన్లు ఆ తంతువు పొర దాటే తీరును కొలిచి, 1952లో దాన్ని అవకలన సమీకరణాలుగా (డిఫరెన్షియల్ ఈక్వేషన్లుగా) రాశారు. అప్పుడు కేంబ్రిడ్జి కంప్యూటర్ అందుబాటులో లేదు. హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు కూర్చుని వారాల తరబడి వాటిని సాధించాడు. కాగితం మీద తేలిన నాడీ సంకేతం తీగ పట్టుకున్న సంకేతంతో సరిపోయింది! 1963లో వాళ్లకు నోబెల్ వచ్చింది. శరీరధర్మశాస్త్రం చెప్పిన రోజుల్లో ఈ పాఠమంటే నాకు ప్రాణం. జీవశాస్త్రం పిల్లలు ఆ సమీకరణాల దగ్గర ఆగిపోవడం తరగతిలో ఎన్నోసార్లు చూశాను. నువ్వు అక్కడి నుంచే మొదలుపెట్టగలవు.

కాబట్టి గణితం వదలకు. మైనర్‌గా జంతుశాస్త్రం తీసుకోమంటాను. కణం, పొర, నాడీవ్యవస్థ ల్యాబులో చేత్తో నేర్చుకోవలసినవి, తర్వాత ఇంట్లో కూర్చుంటే రావు. పైథాన్ అనే కంప్యూటర్ భాష మాత్రం ఇంట్లోనే వస్తుంది. మనస్తత్వశాస్త్రం కూడా మంచిదే, కాకపోతే ప్రయోగాలూ గణాంకాలూ నిజంగా చేయించే శాఖ అయితేనే. ఇంటర్‌లో నీది ఎంపీసీ అయితే మొదట్లో తడబడతావు. తెలుగు అకాడమీ ఇంటర్ రెండో సంవత్సరం జంతుశాస్త్రంలో నాడీవ్యవస్థ పాఠం ఈ సెలవుల్లోనే చదువు.

నాన్నగారి భయం తీసిపారేయదగ్గది కాదు. మైనర్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఇది వైద్యురాలయ్యే దారీ కాదు, న్యూరాలజిస్టు కావాలంటే ఎంబీబీఎస్‌తో మొదలుపెట్టాలి. నీ దారి పరిశోధన. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞాన (కాగ్నిటివ్) శాస్త్రాల కేంద్రం ఉంది. బెంగళూరులో ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ), నిమ్‌హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ), హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి. వాటి ప్రవేశ అర్హతలు ఇప్పుడే చదివి, ఏ పేపరు లేకపోతే తలుపు మూసుకుంటుందో నాన్నగారితో కూర్చుని చూడు. రేపు మనసు మారినా గణితం డిగ్రీ చెక్కుచెదరదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లయితే అందులో మైనర్‌కు 24.

మిగిలిన లోటు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ (SWAYAM) కోర్సులతో పూడ్చుకోవచ్చు. ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లు అలా తెచ్చుకోవడానికి యూజీసీ 2021 నిబంధనలు వీలిస్తున్నాయి. అయితే ఆ క్రెడిట్లను మీ కాలేజీ మార్కుల జాబితాలోకి ఎక్కించాలి కదా. కోర్సులో చేరకముందే ప్రిన్సిపాల్ గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో.