ఎర్ర మందు ఆక్సిజన్ ఇస్తుందా?

ప్రశ్న: మాది విడవలూరు మండలం. రెండు వనామీ రొయ్యల గుంటలు చేస్తున్నాం. కరెంటు బిల్లు చూస్తేనే టెన్షన్. మందుల షాపులో పీఎస్‌బీ అని ఎర్ర క్యాన్లు చూపించి, ‘ఇది కిరణజన్య సంయోగక్రియ చేసే బ్యాక్టీరియా. చెట్టులాగే ఆక్సిజన్ వదుల్తుంది, చల్లుకుంటే రాత్రిళ్లు ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) తగ్గించుకోవచ్చు’ అంటున్నారు. మా నీళ్లు పచ్చగానే ఉన్నాయి, అయినా తెల్లారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోతోంది. ఏది నమ్మాలి?
– ఒక రైతు

జవాబు: ముందు ఏరియేటర్లు ఆపకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

క్యాన్ మీద రాసింది అబద్ధం కాదు. అందులో ఉన్నది కిరణజన్య సంయోగక్రియ చేసే బ్యాక్టీరియానే, ఎక్కువగా రోడోసూడోమోనాస్ లాంటివి. కానీ అవి ఆక్సిజన్ వదలవు. కొంచెం కూడా వదలవు. ఎండతో బతికేదల్లా ఆక్సిజన్ ఇస్తుందని బడి రోజుల నుంచే మన మనసులో పడిపోయింది. షాపాయన కూడా ఆ లెక్కలోనే చెప్పి ఉంటాడు.

ఆకైనా, మీ నీళ్లకు పచ్చదనమిచ్చే నాచైనా కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చుకోవాలంటే ఎలక్ట్రాన్లు కావాలి. వాటిని నీటి నుంచే లాక్కుంటాయి. వెలుగు తగలగానే పత్రహరితం ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటుంది. ఆ లోటును పక్కనే ఉన్న చిన్న లోహపు గుంపు నుంచి పూడ్చుకుంటుంది. నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం, వాటిని కలిపే ఆక్సిజన్లు, అంతే ఆ గుంపు. దాని నుంచి ఒక్కొక్కటిగా నాలుగు ఎలక్ట్రాన్లు పోయాక అది రెండు నీటి అణువుల్ని విరిచేస్తుంది. అప్పుడు మిగిలిపోయేదే ఆక్సిజన్. మొక్క వరకు అది చెత్త. మనకూ మీ రొయ్యలకూ ప్రాణం.

నీటిని విరవడం మామూలు పని కాదు. బండరాయి పగలాలంటే సమ్మెట కావాలి, బెల్లం అచ్చుకైతే రోకలి చాలు. ఎర్ర బ్యాక్టీరియా దగ్గర ఆ సమ్మెట లేదు. అందుకే అవి తేలిగ్గా ఎలక్ట్రాన్లు ఇచ్చేవాటిని వెతుక్కుంటాయి. ఈ జాతుల్లో కొన్ని కుళ్లిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడగొట్టి గంధకం రేణువులు మిగులుస్తాయి. మీ క్యాన్లో ఉండే రకం ముఖ్యంగా మేత, రెట్ట కుళ్లినప్పుడు పుట్టే సేంద్రియ ఆమ్లాలను వాడుకుంటుంది. నీటి జోలికి పోదు కాబట్టి ఆక్సిజన్ ప్రసక్తే లేదు.

అసలు ఆకు వదిలే ఆక్సిజన్ ఎక్కడిదో పసిగట్టింది కూడా ఈ బ్యాక్టీరియా వల్లే. నేను నెల్లూరులో బోటనీ చెప్పిన రోజుల్లో సగం మంది పిల్లలు అది కార్బన్ డయాక్సైడ్ విడిపోతే వస్తుందని రాసేవాళ్లు. నాకు కోపం వచ్చేది కాదు. 1930ల దాకా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అలా అనుకున్నారు. కాలిఫోర్నియా తీరంలో పనిచేసిన డచ్చి శాస్త్రవేత్త వాన్ నీల్ ఎర్ర బ్యాక్టీరియాను పెంచి చూశాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇస్తే గంధకం మిగులుతోంది. అలాంటప్పుడు నీళ్లు వాడుకునే మొక్క దగ్గర మిగలాల్సింది నీటిలోని ఆక్సిజనే కదా అన్నాడు. 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని నాచుకిచ్చి చూస్తే, బయటికొచ్చిన వాయువులో ఆ బరువైన ఆక్సిజనే కనబడింది.

ఇక తెల్లారుజాము సంగతి. పచ్చటి నీళ్లు పగలే ఆక్సిజన్ ఇస్తాయి. శ్వాస మాత్రం నాచు కూడా రాత్రింబవళ్లు తీసుకుంటుంది. దానికి తోడు రొయ్యలు, అడుగున కుళ్లు తినే బ్యాక్టీరియా. పొద్దుగూకిన దగ్గర్నుంచి ఖర్చే గానీ జమ లేదు. అందుకే సాయంత్రం నాలుగింటికి బ్రహ్మాండంగా ఉన్న డీవో సూర్యోదయానికి ముందు అట్టడుక్కి పోతుంది. నీళ్లు ఎంత చిక్కటి పచ్చగా ఉంటే రాత్రి ఖర్చు అంత ఎక్కువ. మీటరు ఉంటే పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) చూడండి. పగలంతా నాచు కార్బన్ డయాక్సైడ్ పీల్చేస్తుంది కాబట్టి సాయంత్రానికి పెరుగుతుంది. తేడా రోజూ అర పాయింటు దాటుతుంటే బ్లూమ్, అంటే నీళ్లలో పెరిగిన నాచు, మరీ ఎక్కువైనట్టు. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురేస్తే పగటి జమ కూడా ఉండదు. అదే బ్లూమ్ చచ్చి కుళ్లడం మొదలుపెడితే రొయ్యలు తేలడానికి ఒక్క రాత్రి చాలు.

చిత్రమేమిటంటే, ఆక్సిజన్ ఇచ్చే బ్యాక్టీరియా మీ గుంటలో ఊరికే ఉంటుంది. నీలి ఆకుపచ్చ నాచు అంటారే, అది నిజానికి నాచు కాదు, సయనోబ్యాక్టీరియా. దాని దగ్గర సమ్మెట ఉంది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలిలో ఆక్సిజన్ చేరింది దాని పూర్వీకుల వల్లే. అది ముదిరితే రొయ్యకు బురద వాసన పడుతుందనీ, ఉన్నట్టుండి చచ్చిపోతుందనీ మీరు దాన్ని తరిమేస్తారు. తరమడం సబబే. కానీ ఆక్సిజన్ ఇవ్వనిదాన్ని ఆక్సిజన్ కోసం డబ్బు పెట్టి కొనడం మాత్రం నాకు మింగుడు పడదు.

పీఎస్‌బీ బొత్తిగా దండగా అంటే, ఆ మాట అనను. కుళ్లు తింటుంది, ఆ మేరకు అడుగుకు మంచిదే. అయితే అది వెలుగుతో బతకాలంటే ఆక్సిజన్ లేని చోటు, వెలుగు రెండూ కావాలి. మూత బిగించి ఎండలో పెట్టిన క్యాన్లో ఎర్రబడేది అందుకే. గాలి ఆడుతుంటే రంగు తయారీ తగ్గించేసి, మామూలు బ్యాక్టీరియాలా శ్వాస మీద బతుకుతుంది, అంటే అదీ మీ ఆక్సిజనే తింటుంది. దానికి బాగా పనికొచ్చే కంటికి కనబడని పరారుణ వెలుగును రెండు మూడు అడుగుల్లోనే నీళ్లు చాలావరకు మింగేస్తాయి. నల్లమట్టి ఉండే అడుగుదాకా దిగేది చాలా తక్కువ. వేయాలనుకుంటే ప్రోబయోటిక్ లెక్కన వేయండి. ఏరియేటర్‌కి బదులుగా వద్దు. బిల్లు తగ్గాలంటే ముందు చెక్ ట్రే (మేత ఎంత మిగిలిందో చూసే పళ్లెం) చూసి మేత తగ్గించండి.

ప్రశ్న: సార్, బ్యాక్టీరియాలో హరితరేణువులు ఉండవు కదా, కిరణజన్య సంయోగక్రియ ఎక్కడ జరుగుతుంది?
– డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: పొరల మీద జరుగుతుందమ్మా. ఎర్ర బ్యాక్టీరియాలో కణపు పొరే లోపలికి మడతలు పడుతుంది, రంగు పదార్థాలు అక్కడ ఉంటాయి. సయనోబ్యాక్టీరియాలో విడిగా థైలకాయిడ్లే (వెలుగును పట్టే పొర సంచులు) ఉంటాయి. నీ ప్రశ్నను తిరగేసి చూడు: ఆకులోని హరితరేణువే ఒకప్పుడు సయనోబ్యాక్టీరియా. వేరే కణంలో చేరి అక్కడే స్థిరపడింది. దానికి ఇప్పటికీ సొంత డీఎన్‌ఏ, సొంత రైబోసోములు ఉన్నాయి. పరీక్షలో అడిగితే ఈ వాదాన్ని బలంగా ముందుకు తెచ్చిన జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ పేరు, ఆమె వ్యాసం వచ్చిన ఏడాది 1967 రాయి.

ప్రశ్న: రాత్రి వేపచెట్టు కింద మంచం వేసుకుంటే మంచిది కాదని మా అత్తగారు అంటారు. నిజమేనా?
– కావలి పాఠకురాలు

జవాబు: చెట్టు రాత్రి వదిలే కార్బన్ డయాక్సైడ్ ఆరుబయట గాలిలో లెక్కలోకి రాదు. పక్క మంచం మీద గురకపెట్టే మనిషి వదిలేదే మీకు ఎక్కువ తగులుతుంది. దోమతెర మాత్రం కట్టుకోండి.