గొంతు మారాలంటే యాస మార్చుకోవాలా?

ప్రశ్న: మేడమ్, నేను ట్రాన్స్ మహిళను. వయసు 24. హనుమకొండ చౌరస్తా దగ్గర బట్టల షాపులో పనిచేస్తున్నా. చాన్నాళ్ళుగా యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళ వీడియోలు చూసి గొంతు సాధన చేస్తున్నా. ఇంగ్లిష్ పేరా ఏదైనా చదివితే ఆడగొంతే వినిపిస్తుంది. తెలుగులోకి రాగానే మళ్ళీ పాత గొంతే. ఫోన్లో అయితే అందరూ ‘సార్’ అంటారు. హైదరాబాద్‌లో ఉండే ఫ్రెండ్ ‘మన వరంగల్ యాసే మోటు, టీవీ యాంకర్ల లెక్క మాట్లాడు, సెట్ అయితది’ అంటోంది. యాస వదిలేయాలా? ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుందా?
– పేరు వద్దు, హనుమకొండ

జవాబు: ముందు మీ ఫ్రెండ్ మాట సంగతి తేల్చేద్దాం. ఇక్కడి ఆడవాళ్ళంతా పుట్టినప్పటి నుంచి ఆ యాసలోనే మాట్లాడుతున్నారు, వాళ్ళను ఎవరూ సార్ అనట్లేదు కదా. సినిమాల్లో చాలాకాలం మన యాసను విలన్‌కో కమెడియన్‌కో తగిలించారు, ఆ చులకన ఇంకా పోలేదు, అంతే. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ పాట ఎత్తుకునేవాళ్ళను వినండి. ఎంత గట్టి గొంతులు! సన్నగా, సిగ్గుపడుతూ మాట్లాడితేనే ఆడగొంతు అనే లెక్క మా వైపు నడవదు. (నేను జనగామ దాన్ని, పక్షపాతం ఉందనుకున్నా సరే.)

అలాగని భాషకూ గొంతుకూ సంబంధమే లేదని ఒక స్పీచ్ థెరపిస్ట్‌గా నేను అనలేను. గొంతు విని ఆడా మగా అని పోల్చుకోవడం ప్రధానంగా రెండిటిని బట్టి జరుగుతుంది. ఒకటి పిచ్, అంటే గొంతులో శబ్దం పుట్టించే పొరలు (స్వరతంత్రులు) ఎంత వేగంగా కంపిస్తాయన్నది. మామూలు మాటల్లో అవి మగవాళ్ళలో సెకనుకు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్ళలో 180 నుంచి 220 సార్లు కంపిస్తాయి. రెండోది ఆ శబ్దం గొంతులో, నోట్లో మోగే తీరు. స్వరపేటిక నుంచి పెదవుల దాకా ఉన్న దారి మగవాళ్ళలో సుమారు 17 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 14, 15. దారి పొడుగైతే గొంతు గంభీరంగా, పొట్టిదైతే తేటగా వినిపిస్తుంది. చాలామంది పిచ్ వెంటే పడతారు. మోగే తీరు పాతదే ఉంచి పిచ్ ఒక్కటే పెంచితే మిమిక్రీలా ఉంటుంది. స్వరపేటికను కాస్త పైకి, నాలుకను కాస్త ముందుకు తెచ్చి ఆ దారిని చిన్నది చేసుకోవడమే అసలు పని.

భాష అడ్డొచ్చేది ఇక్కడే. ‘పోదాం’, ‘ఊకో’ అన్నప్పుడు పెదవులు గుండ్రంగా ముందుకొచ్చి దారి పొడుగవుతుంది. ‘వచ్చిండు’, ‘బండి’, ‘గాడ’ అన్నప్పుడు నాలుక కొన వెనక్కి మడుచుకుంటుంది, శబ్దంలో తేటదనం కొంత తగ్గుతుంది. ఇంగ్లిష్ పేరాలు చదివినంత కాలం మీ నాలుక ఈ అక్షరాల మీద పనిచేయలేదు. పోనీ టీవీ తెలుగులో ఇవి లేవా? ‘వచ్చాడు’లోనూ అదే డ, ‘వెళ్ళిపో’లోనూ అదే ఓ. యాస మార్చితే ఒరిగేదేమీ లేదు.

పైగా నష్టం ఉంది. ఇంగ్లిష్ మీరు ఆలోచించి మాట్లాడతారు, అందుకే గొంతు మీద కాపలా ఉంటుంది. అరువు తెచ్చుకున్న యాసా అంతే. రంగు పోయిందని ఎవరో చీర తెచ్చి కౌంటర్ మీద విసిరితే, ఆ టెన్షన్‌లో టీవీ తెలుగు గుర్తుకు రాదు. వచ్చేది వరంగల్ తెలుగే, దానితోపాటు సాధన లేని గొంతూ వస్తుంది. కోపంలో ఏ మాట వస్తుందో ఆ మాటలోనే సాధన చేయాలి.

ఈ, ఏ పలికేటప్పుడు నాలుక దానంతటదే ముందుకు వస్తుంది. కాబట్టి ‘ఏందే’, ‘ఇటే’, ‘ఏమే చెల్లె’ లాంటి మాటలతో మొదలుపెట్టండి. అక్కడ దొరికిన తేటదనాన్ని వదలకుండా మెల్లగా ‘పోదాం’, ‘ఊకో’లోకి రండి, పెదవులు కొంచెం తక్కువ చుట్టండి. డను డలాగే పలకండి, మెత్తబరచొద్దు. మడిచిన కొనను వెంటనే ముందుకు తెచ్చుకుంటే చాలు. ఇది కుదిరాక బేరం, నవ్వు, దగ్గు, తగాదా. రోడ్డు అవతలి ఆటోను ‘కాజీపేట వస్తవా?’ అని కేకేసేటప్పుడు పాత గొంతు బయటపడుతుందని చాలామంది భయపడతారు. కేకను కూడా విడిగా సాధన చేయండి. మెల్లగా మొదలుపెట్టి, తేటదనం పోకుండా కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి.

ఆ వీడియోల్లో వాక్యం చివర గొంతు పైకి లేపమని చెప్తుంటారు. అది మనకొద్దు. ‘షాపు తొమ్మిదింటికి తెరుస్తం’ అని చివర లేపితే, ‘నన్నడుగుతున్నవా?’ అంటారు కస్టమర్లు. మీ అక్కలు, పక్కింటి అమ్మలు ఎక్కడ లేపుతారో, ఎక్కడ సాగదీస్తారో వినండి. మీకు కావలసిన రాగం అదే.

ఇక ఫోన్. పాత పద్ధతి కాల్స్‌లో 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాకా ఉన్న శబ్దమే అవతలికి పోతుంది. మీరు కష్టపడి పెంచిన పిచ్ అంతకన్నా కిందే ఉంటుంది కాబట్టి నేరుగా చేరదు, మిగతా శబ్దాన్ని బట్టి చెవి దాన్ని ఊహించుకుంటుంది. అందుకే ఫోన్లో మోగే తీరు ఇంకా ముఖ్యం. అది కుదిరేదాకా ఒక పని చేయండి: ఎత్తగానే హలో కన్నా ముందు మీ పేరు చెప్పండి. పేరు విన్న చెవికి గొంతు కూడా వేరేగా వినిపిస్తుంది.

ఆపరేషన్లు ఉన్నాయి. ఎక్కువగా చేసేదాంట్లో స్వరతంత్రుల ముందు భాగాన్ని కలిపి కుట్టి, కంపించే పొడవు తగ్గిస్తారు. పిచ్ పెరుగుతుంది కానీ మోగే తీరు మారదు, ఆ తర్వాతా సాధన తప్పదు. నన్నడిగితే ముందు థెరపీ. ఈస్ట్రోజన్ మాత్రలతో గొంతు మారదు, మగ హార్మోన్‌తో ఒకసారి మందమైన స్వరతంత్రులు మళ్ళీ పల్చబడవు. మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో గొంతు సమస్యలకు విడిగా విభాగం ఉంది. అంత దూరం వద్దనుకుంటే ఇక్కడే ఈఎన్‌టీ విభాగంలో స్పీచ్ థెరపిస్ట్ కోసం అడగండి. ట్రాన్స్ మహిళలతో పనిచేశారా అని మొహమాటపడకుండా కనుక్కోండి.

సాధనలో గొంతు నొప్పి పుడితే ఆ పూటకు ఆపేయండి, నీళ్ళు తాగండి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే సాధన పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి.