ఆస్తమా ఉన్న పిల్లల చేత ఆటలు మాన్పించాలా?

"మా బాబుకు ఏడేళ్లు, ఆస్తమా ఉంది, ఆటలు మాన్పించమంటారా?" అని అడిగారు. వద్దండీ. మా అమ్మాయి చేత రెండేళ్లు మాన్పించాను నేను. ఆ రెండేళ్లూ గ్రౌండ్ పక్కన కూర్చుని మిగతా పిల్లల వాటర్ బాటిళ్లకు కాపలా కాసింది.

దానికి తొమ్మిదేళ్లప్పుడు ఏడ్చి పోరుపెట్టి పరుగుపందెంలో చేరింది. పరిగెత్తినంతసేపూ బాగానే ఉంది. మూడోది వచ్చానని నవ్వుతూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఐదు నిమిషాలకు పొడి దగ్గు మొదలైంది, తర్వాత పిల్లికూతలు. మెడ కింద గుంట లోపలికి పీక్కుపోతోంది, ఒక్క మాట పూర్తిగా అనలేకపోతోంది. ఇన్‌హేలర్ ఏమో ఆఫీసు గది బీరువాలో ఉంది! తాళం తెచ్చేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం, అదే స్పేసర్‌తో మందు పీల్చాక కాసేపటికి దాని భుజాలు కిందికి దిగాయి.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "రోజూ వాడాల్సిన ప్రివెంటర్ వాడుతున్నారా?" అని. ప్రివెంటర్ అంటే ఆయాసం రాకుండా ముందే ఆపే ఇన్‌హేలర్. పాప బాగానే ఉంది కదా అని నేనే ఆపేశాను. అసలు తప్పు అక్కడుంది, పరుగులో కాదు. నోటితో ఎగపీల్చే పొడిగాలికి శ్వాసనాళాల లోపలి తడి ఆరిపోయి అవి బిగుసుకుంటాయట. అందుకే ఆయాసం చాలాసార్లు ఆట ఆగాకే వస్తుంది. చల్లగాలిలో ఇంకా ఎక్కువ.

ప్రివెంటర్ మళ్లీ మొదలుపెట్టాం. ఆటకు పావుగంట ముందు డాక్టర్ చెప్పిన మోతాదులో రిలీవర్ (ఆయాసాన్ని వెంటనే తగ్గించే ఇన్‌హేలర్), తర్వాత పది నిమిషాలు మెల్లగా వార్మప్. జలుబు చేసినా, ముందు రాత్రి దగ్గినా ఆ రోజు ఆట లేదు. నన్నడిగితే ఈతను మించింది లేదు, నీళ్ల మీద గాలి తేమగా ఉంటుంది. కాకపోతే క్లోరిన్ ఘాటు కొందరు పిల్లలకు పడదు, చూసుకోండి.

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అనే చుట్టాలతో మాత్రం విసిగిపోయాను. అమెరికా అథ్లెట్ జాకీ జాయ్నర్ కెర్సీకి ఆస్తమా ఉంది. 1988లో, 1992లో హెప్టాథ్లాన్‌లో (పరుగులు, దూకడాలు, విసరడాలు కలిపి ఏడు అంశాల పోటీ) ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. 1988లో ఆమె సాధించిన 7,291 పాయింట్లే ఇప్పటికీ ప్రపంచ రికార్డు. ఆమెకు లేని భయం మనకెందుకు?

ఇంకొక్క మాట. ఇన్‌హేలర్ బీరువాలో కాదు, పిల్ల దగ్గరే ఉండాలని డాక్టర్ చేత ఉత్తరం రాయించి స్కూల్లో ఇచ్చాను. మీరూ ఈ వారమే రాయించండి.