పది డ్యామేజీ దేనికి పనికొస్తుంది?

ప్రశ్న: అన్నా, మాది పరకాల. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫోన్‌లో పోకెమాన్ టీసీజీ పాకెట్ అనే కార్డుల ఆట ఆడతాను. నాది మ్యూటూ ఈఎక్స్, గార్డెవాయర్ డెక్. 20 కార్డుల్లో ఒక జాగా మిగిలింది. ఆ టర్న్‌లో మన దెబ్బకు పది డ్యామేజీ కలిపే జియోవానీ కార్డు అందులో పెడదామంటే మా దోస్తు 'పది డ్యామేజీకి ఒక కార్డా, దండగ' అంటున్నాడు. దానికి ఎనర్జీ ఏమీ కట్టక్కర్లేదు కదా, పెడితే పోయేదేముంది అని నాకనిపిస్తోంది. రెండు జియోవానీలు పెడితే ఒకే టర్న్‌లో 20 పెంచుకోవచ్చా? ప్యాక్ పాయింట్లతో కొనుక్కోవచ్చా?

జవాబు: తమ్ముడూ, చివర అడిగినవి ముందు తేల్చేస్తాను. ఒకే టర్న్‌లో 20 కుదరదు. జియోవానీ సపోర్టర్ రకం కార్డు, సపోర్టర్లను టర్న్‌కు ఒక్కటే ఆడాలి. చేతిలో రెండు జియోవానీలున్నా రెండోది వచ్చే టర్న్ దాకా ఆగాల్సిందే. కొనుక్కోవచ్చా అంటే, కొనుక్కోవచ్చు. అది రెండు డైమండ్ల కార్డు (డైమండ్లు ఎంత అరుదో చెప్పే గుర్తు), 70 పాయింట్లు. ప్యాక్ తెరిచినప్పుడల్లా 5 పాయింట్లు వస్తాయి. రోజుకు రెండు ప్యాకులు ఉచితం కాబట్టి వారం ఓపిక పడితే చాలు, రూపాయి పెట్టొద్దు. కాకపోతే ఏ ప్యాకులు తెరుస్తున్నావో చూసుకో. జియోవానీ ఉన్నది జెనెటిక్ అపెక్స్ అనే సెట్‌లో, ఆ వారం ఆ ప్యాకులే తెరువు.

ఇక 'పెడితే పోయేదేముంది' అన్నావు చూడు, అక్కడ నేను ఒప్పుకోను. పోయేది ఉంది. అది నాకు ఎట్లా తెలిసిందో చెప్తాను.

మొన్న దసరా సెలవులకు మా అక్క కొడుకు కరీంనగర్ నుంచి వచ్చాడు. తిరిగి పంపేటప్పుడు హన్మకొండ బస్టాండ్‌లో బస్సు కోసం కూర్చున్నాం. హుజూరాబాద్ మీదుగా పోయే బస్సులు రెండు నిండిపోయి వెళ్లాయి. 'మామా, ఒక్క ఆట' అన్నాడు. వాడి ముందు వరసలో ఎగ్జెగ్యూటర్ ఈఎక్స్ పోకెమాన్, 160 హెచ్‌పీ (అంటే దాని ప్రాణం), దెబ్బ తగల్లేదు. నా మ్యూటూ ఈఎక్స్‌కు 80 మిగిలి ఉంది, దాని పెద్ద దెబ్బ సైడ్రైవ్‌కు కావాల్సిన నాలుగు ఎనర్జీలూ ఉన్నాయి. చేతిలో ప్రొఫెసర్స్ రీసెర్చ్, జియోవానీ రెండూ ఉన్నాయి, రెండూ సపోర్టర్లే. టర్న్ మొదలవగానే ప్రొఫెసర్‌ను వేసి రెండు కార్డులు తీసుకోవడం నాకు అలవాటు. వేసేశాను. ఆ తర్వాతే లెక్క చూశాను. సైడ్రైవ్ 150, వాడిది 160. జియోవానీ చేతిలోనే ఉంది, ఆడటానికి లేదు. కొట్టాను, పది మిగిలింది. వాడు నాణెం వేశాడు, బొమ్మ పడింది, 80 తగిలింది. నా మ్యూటూ పోయింది. గెలవడానికి మూడు పాయింట్లు కావాలి. వాడికి అప్పటికే ఒకటి ఉంది, ఈఎక్స్ పడితే రెండు. ఆట అయిపోయింది.

అందుకని చెప్తున్నాను, ఈ కార్డు ఖరీదు ఎనర్జీలో లేదు. ఆ టర్న్‌లో నువ్వు ఆడకుండా వదులుకునే ప్రొఫెసర్, వదులుకునే సబ్రీనా (ప్రత్యర్థి ముందు వరస పోకెమాన్‌ను మార్పించే సపోర్టర్), అదీ దాని ఖరీదు. పోషన్ లాంటి ఐటమ్ కార్డులకు ఈ బాధ లేదు, ఎన్నయినా ఆడుకోవచ్చు.

మరి మీ దోస్తు మాట నిజమా? నీ డెక్‌కు కాదు. పది అనేది విడిగా చూస్తే చిన్నదే. కానీ బస్సులో టికెట్‌కు పది రూపాయలు తక్కువైతే మిగతా డబ్బంతా జేబులో ఉండీ ఏం లాభం? ఒక కాగితం తీసుకుని నీ డెక్ కొట్టే దెబ్బలు రాయి. మ్యూటూ రెండు ఎనర్జీలతో 50, నాలుగుతో 150. వాటి పక్కన పది కలిపి 60, 160 అని రాయి. ఇప్పుడు ఎవరికి సరిగ్గా అంత హెచ్‌పీ ఉందో చూడు. చార్‌మాండర్, స్క్విర్టిల్, ఫ్రోకీ, రాల్ట్స్ అన్నీ 60. అంటే చారిజార్డ్ కాబోయే చార్‌మాండర్‌ను ఎదగకముందే ఒక్క దెబ్బకు తీసేయొచ్చు. నా లెక్కలో జియోవానీకి అసలు విలువ ఇక్కడే, ఆట మొదట్లో. పైన 160 దగ్గర ఎగ్జెగ్యూటర్ ఉంది. 2025 జనవరిలో వచ్చిన జెయింట్ కేప్ 20 హెచ్‌పీ పెంచుతుంది, అది తగిలిస్తే 140 ఉన్న ఆర్టికునో ఈఎక్స్, మోల్ట్రెస్ ఈఎక్స్ కూడా 160కే వస్తాయి. చారిజార్డ్ ఈఎక్స్ 180, దాని మీద ఒక్క దెబ్బకు పది చాలదు. ఇంకో మాట, ఆ పది ప్రత్యర్థి ముందు వరస పోకెమాన్‌కే, వెనక వరసలో, అంటే బెంచ్ మీద ఉన్నవాటికి కాదు. కార్డు మీద ఇంగ్లిష్ చదివేటప్పుడు చాలామంది ఆ ముక్క దాటేస్తారు.

ఒకటా రెండా? పది కార్డులు చూసేసరికి ఒక కాపీ చేతికొచ్చే అవకాశం సగం, రెండు కాపీల్లో ఒకటైనా వచ్చే అవకాశం సుమారు 76 శాతం. మొదటి చేతిలో ఒక బేసిక్ పోకెమాన్‌ను (ఇంకా ఎదగని మొదటి రూపాన్ని) ఆటే ఇస్తుంది కాబట్టి కొంచెం అటూఇటూ. అయినా నేను నీకు ఒకటే పెట్టమంటాను. ఇద్దరు ప్రొఫెసర్లు, ఇద్దరు సబ్రీనాలు ఉన్న డెక్‌లో ఇంకో ఇద్దరు సపోర్టర్లు చేరితే చేతినిండా ఆడలేని కార్డులే ఉంటాయి. దాన్ని వేసే టర్న్‌లో మాత్రం ముందు లెక్క, తర్వాతే ప్రొఫెసర్.

ప్రశ్న: పోషన్ కార్డు పోయిన హెచ్‌పీలో 20 మాత్రమే తిరిగి ఇస్తుంది. ఒకటి పెట్టనా, అసలు తీసేయనా? నాదీ మ్యూటూ డెక్కే. పికాచు ఈఎక్స్ చేతిలో ఎక్కువ ఓడిపోతున్నాను. (జమ్మికుంట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, బెంచ్ మీద మూడు కరెంటు పోకెమాన్లు ఉంటే పికాచు 90 కొడుతుంది. మీ మ్యూటూకు 150లో 60 మిగులుతుంది. ఒక పోషన్ వేస్తే 80, రెండో 90కి ఎట్లాగూ పోతుంది. రెండు పోషన్లు వేస్తే 100, రెండో దెబ్బ తగిలాక కూడా పది మిగులుతుంది, మీకు ఇంకో టర్న్ దొరుకుతుంది. ఐటమ్ కాబట్టి రెండూ ఒకే టర్న్‌లో వేయొచ్చు, ఆ పైన ప్రొఫెసర్‌నూ వేయొచ్చు. పికాచుతో మీ ఇబ్బంది తీరాలంటే రెండూ పెట్టండి. ఒకటే పెట్టే పనైతే ఆ జాగాలో ఎక్స్ స్పీడ్ పెట్టుకోండి, దెబ్బతిన్న మ్యూటూను బెంచ్‌కు పంపే ఖర్చు ఒక ఎనర్జీ తగ్గుతుంది.